బాత్రూంలోంచి యుటిలిటీకి: ఒక గ్యాస్ గీజర్ డైరీ

డిసెంబర్ 21, 2024, శనివారం

అమ్మ అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి నాలుగు వారాలైంది. వచ్చినప్పటి నుంచి ప్రతి శనివారం పొద్దున ఆమెకు తలనొప్పి. శనివారం అమ్మ వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటుంది కాబట్టి, కడుపు ఖాళీగా ఉండి పైత్యం చేస్తోందని అందరం అనుకున్నాం. పోయిన వారం వాంతి కూడా అయింది. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో బీపీ చూశారు, వేలికి ఆక్సీమీటర్ పెట్టారు. 98 చూపించింది. గ్యాస్ట్రిక్ మాత్ర రాసిచ్చి పంపారు.

ఈరోజు స్నానం చేసి బయటికి వస్తూ గుమ్మం దగ్గరే కూలబడింది. ఇద్దరం పట్టుకుని బాల్కనీలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాం. అరగంటకు కాస్త తేరుకుంది. మంచినీళ్ళు తాగి అప్పుడు అంది: "ఊర్లో ముప్పై ఏండ్లుగా ఒక్కపొద్దు ఉంటున్నా నాయనా. ఆడ ఎప్పుడూ ఇట్ల కాలేదు. ఈడికొచ్చినాకే."

ఆ మాట విన్నాక నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. శనివారం అంటే ఒక్కపొద్దు ఒక్కటే కాదు, తలస్నానం కూడా. మిగతా రోజుల్లో అయిదు నిమిషాల్లో ముగించే మనిషి ఆ రోజు కుంకుడు రసంతో తల రుద్దుకుంటూ ముప్పావుగంట బాత్రూంలోనే ఉంటుంది. ఊర్లో కరెంటు గీజర్. ఇక్కడ గ్యాస్ గీజర్, అది కూడా బాత్రూంలోనే, ఆమె తలకు మూరెడు పైన.

వెంటనే రెగ్యులేటర్ కట్టేశాను. మధ్యాహ్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉందని ముందే చెప్పేసరికి అక్కడి డాక్టరమ్మ వేరే రక్తపరీక్ష రాశారు. ఆక్సీమీటర్ వెలుతురుతో కొలుస్తుంది, గ్యాస్ సరిగ్గా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పట్టుకున్న హిమోగ్లోబిన్‌ని కూడా ఆక్సిజన్ పట్టుకున్నదే అనుకుని 98 చూపిస్తుంది అని వివరించారు. ఈ వాయువు హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుందట. మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలో దాని మోతాదు సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది. స్నానం అయిన అయిదు గంటల తర్వాత తీసిన రక్తంలో కూడా ఆ వాయువు పట్టుకున్న హిమోగ్లోబిన్ 6.5 శాతం వచ్చింది. పొగతాగని మనిషికి ఒకటి, రెండు శాతం కంటే ఉండకూడదు. మాస్క్ పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. సాయంత్రానికి ఇంటికొచ్చాం.

కూలబడిన క్షణంలోనే ఆసుపత్రికి పరుగెత్తాల్సింది. ఎవరింట్లోనైనా ఇలా జరిగితే బాల్కనీలో కూర్చోబెట్టి ఆగకండి.

డిసెంబర్ 22, ఆదివారం

పొద్దున్నే గీజర్ పైకవరు విప్పాను. బర్నర్ వరసల్లో సగం మసి. పైన రాగి రెక్కల మధ్య బూజు లాగా నల్లటి పొర. లేబుల్ మీద 6 లీటర్లు అని ఉంది. పొగ బయటికి పోయే గొట్టం లేదు. పైన జల్లెడలాంటి రంధ్రాల్లోంచి వచ్చేదంతా గదిలోకే. గదిలోకి కొత్త గాలి రానంతసేపూ ఆ పొగ కూడా అక్కడే తిరుగుతుందన్నమాట.

కాగితం మీద లెక్క వేశాను. నిమిషానికి 6 లీటర్ల నీళ్ళని 25 డిగ్రీలు పెంచాలంటే గంటకు దాదాపు ఒక కిలో గ్యాస్ కావాలి. ఒక కిలో ఎల్‌పీజీ పూర్తిగా మండాలంటే పన్నెండు ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. మా బాత్రూం 5 అడుగులు, 6 అడుగులు, ఎత్తు 8 అడుగులు. అంటే ఏడు ఘనపు మీటర్లు కూడా లేదు. పన్నెండు నిమిషాలు గీజర్ వెలిగితే గదిలోని గాలిలో మూడో వంతుకు సరిపడా ఆక్సిజన్ మంటకే అయిపోతుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ సరిగ్గా మండదు. సరిగ్గా మండని గ్యాస్ నుంచే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అంటే ఆలస్యమయ్యేకొద్దీ మొదటి నిమిషం కంటే పదో నిమిషం ఎన్నో రెట్లు ప్రమాదం.

అమ్మ అడిగింది, "గ్యాస్ లీకైతే వాసన రావాల కదా?" అని. సిలిండర్ గ్యాస్‌కి వాసన సహజంగా రాదు, లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ అనే రసాయనం కలుపుతారు. మండిపోయాక ఆ వాసన కూడా కాలిపోతుంది. మిగిలే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు.

ఇంకొకటి రాసుకోవాలి. బాత్రూం వెంటిలేటర్‌లో అట్ట ఉంది. అమ్మకు బెంగళూరు చలి పడటం లేదని నవంబర్ చివర్లో ఆ అట్ట కత్తిరించి అడ్డం పెట్టింది నేనే. తీసేసి చెత్తబుట్టలో వేశాను, మళ్ళీ బయటికి తీసి దాచాను. కొలిచేటప్పుడు అది కావాలి.

డిసెంబర్ 24, మంగళవారం

ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్ నుంచి కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టే ఎమ్‌క్యూ-7 సెన్సర్ తెచ్చి ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుకి తగిలించాను. ఈ సెన్సర్ లోపలి హీటర్‌కి 60 సెకన్లు 5 వోల్టులు, తర్వాత 90 సెకన్లు 1.4 వోల్టులు ఇచ్చి, ఆ రెండో దశ చివర్లో కొలవాలి. రెండున్నర నిమిషాలకు ఒక అంకె. నిన్న రాత్రంతా వేడెక్కించాను. ఈరోజు బకెట్ వేడినీళ్ళ పక్కన పెడితే ఆవిరికే అంకె పైకి లేచింది. శానిటైజర్ సీసా మూత తీస్తే ఇంకా పైకి. తెలిసిన గాఢత ఉన్న గ్యాస్‌తో సరిచూసుకునే సదుపాయం నా దగ్గర లేదు కాబట్టి ఆ అంకెకు అర్థం లేదు. నేర్చుకోవడానికి బాగుంటుంది గానీ అమ్మ ప్రాణం దీనికి అప్పగించలేను.

ఎలెక్ట్రోకెమికల్ సెన్సర్ ఉన్న చేతి మీటర్ ఒకటి, కార్బన్ మోనాక్సైడ్ అలారాలకు పెట్టిన యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 ఉన్న గోడ అలారం ఒకటి ఆర్డర్ పెట్టాను. వెతికేటప్పుడు జాగ్రత్తగా చూడాలి. "గ్యాస్ అలారం" పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం సిలిండర్ గ్యాస్ లీక్ పట్టేవే. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేలకు దగ్గరగా చేరుతుంది, కాబట్టి వాటిని కింద పెడతారు. అవి కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టవు.

డిసెంబర్ 28, శనివారం

మీటర్ వచ్చింది. అమ్మకు ఈ వారం పొయ్యి మీద గుండిగతో నీళ్ళు కాచి ఇచ్చాం. ఒక్కపొద్దు ఉంది. తలనొప్పి రాలేదు.

మధ్యాహ్నం కొలత. అమ్మనీ పిల్లాడినీ మెట్ల దగ్గరికి పంపి, ఇంట్లో కిటికీలన్నీ తెరిచాం. బాత్రూంలో బకెట్ బోర్లించి దాని మీద మీటర్ పెట్టి, ఎదురుగా పాత ఫోన్‌ని వీడియో కాల్‌లో పెట్టాను. పంపు తిప్పగానే గీజర్ టకటకమని, భుగ్గున వెలిగింది. నేను బయటికి వచ్చి తలుపు వేశాను. సిలిండర్ యుటిలిటీలోనే (బట్టలుతికే వరండాలో) ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్ళకుండానే రెగ్యులేటర్‌తో ఆపేయొచ్చు. అది కుదరకపోయి ఉంటే ఈ పరీక్ష చేసేవాణ్ణి కాదు.

మొదటిసారి వెంటిలేటర్‌లో అట్ట పెట్టి. మూడో నిమిషం 12 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల వంతులకు 12 వంతులు. ఆరో నిమిషం 85. అప్పటిదాకా ఫర్వాలేదనుకుంటూ చూస్తున్నాం. తొమ్మిదో నిమిషం 310. పన్నెండో నిమిషం 740. పద్నాలుగో నిమిషంలో మీటర్ కొలిచే హద్దు 1000 దాటి తెర మీద అంకె బదులు గీతలు వచ్చాయి. గోడ అలారం నడవాలో తగిలించి ఉంచాం, అది కూడా మోగడం మొదలుపెట్టింది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపు తోసి, అందరం మెట్ల దగ్గరికి వచ్చేశాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇంట్లో గాలికి పెట్టిన హద్దు పావుగంటకు ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములు, అంటే 87 పీపీఎం చుట్టుపక్కల. గంటకు అయితే 30 పీపీఎం. మా అమ్మ తల రుద్దుకుంటూ కూర్చున్న చోట 1000 దాటింది. వీడియోలో చూస్తే ఆ చివరి నిమిషాల్లో కూడా మంట ఎక్కువ భాగం నీలంగానే ఉంది, కొసలు మాత్రమే పసుపు. మంట నీలంగా ఉంటే భయం లేదని నేనూ నమ్మేవాణ్ణి.

మెట్ల మీద కూర్చుని ఆ వీడియో అమ్మకు చూపించాను. ఏమీ అనలేదు. పిల్లాణ్ణి దగ్గరికి తీసుకుని కూర్చుంది.

డిసెంబర్ 30, సోమవారం

బర్నర్ బ్రష్‌తో శుభ్రం చేసి మరో మూడు పరీక్షలు చేశాను. అన్నీ పన్నెండో నిమిషం అంకెలే రాస్తున్నాను. అట్ట తీసేసి, తలుపు వేసి: 260. అట్ట తీసేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, తలుపు వేసి: 110. తలుపు అడుగు మేర తెరిచి: 22.

ఫ్యాన్ వేస్తే సగానికి పైగా తగ్గింది, ఇంకా కొంచెం చేస్తే చాలు కదా అని ఇంట్లో అనిపించింది. తలుపు కింద గాలి వచ్చేలా జాలీ పెడితే ఇంకా తగ్గుతుంది కూడా. కానీ నాకు ఒప్పుదల కాలేదు. ఫ్యాన్‌కి కరెంటు కావాలి, గీజర్‌కి అక్కర్లేదు, దానికి రెండు పెద్ద బ్యాటరీలు చాలు. తెల్లవారుజామున కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, గీజర్ వెలుగుతూనే ఉంటుంది, లోపలున్న మనిషి గడియ వేసుకుని ఉంటుంది. తలుపు అడుగు మేర తెరిచి స్నానం చేయమని ఎవరికి చెప్పగలం? మనుషులు ఒంటరిగా, గడియ వేసుకుని, కళ్ళు మూసుకుని ఉండే గదిలో మంట ఉండకూడదు. గీజర్ బయటికి పోవాలి.

జనవరి 1, బుధవారం

మీటర్ చేతిలో ఉంది కదా అని వంటింట్లో కూడా చూశాను. చిమ్నీ ఆపి, కిటికీ తెరిచి కుక్కర్ పెడితే 4. ఒక బర్నర్ దగ్గర మాత్రం 17 వచ్చింది. చాలా రోజులుగా ఆ పొయ్యి మీద పెట్టిన గిన్నెల అడుగున మసి పడుతోంది, మేము తోమి పెట్టేస్తున్నాం. ఇత్తడి బర్నర్ తీసి చూస్తే పాలు పొంగి రంధ్రాలు మూసుకుపోయాయి. పిన్నుతో ఒక్కొక్క రంధ్రం పొడిచి, సబ్బుతో కడిగి, ఎండలో ఆరబెట్టి పెట్టాను. 5కి దిగింది. గిన్నె అడుగున మసి కనిపిస్తే అది గిన్నె తప్పు కాదు.

జనవరి 2, గురువారం

రాత్రి ఒంటిగంట నలభైకి గోడ అలారం మోగింది. అమ్మని లేపి, పిల్లాణ్ణి ఎత్తుకుని కిందికి దిగాం. గ్యాస్ ఏదీ వెలిగించి లేదు, రెగ్యులేటర్లు కట్టేసి ఉన్నాయి. కిటికీలు తెరిచి పావుగంట ఆగి మీటర్ పట్టుకుని గుమ్మం నుంచి మెల్లగా లోపలికి వెళ్ళాను. వంటింట్లో 3. హాల్లో ఇన్వర్టర్ బ్యాటరీ దగ్గర 46.

ముందురోజు సాయంత్రం మూడు గంటలపాటు కరెంటు పోయింది, వచ్చాక బ్యాటరీ గట్టిగా చార్జ్ అవుతోంది. ఇన్వర్టర్ బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, ఈ సెన్సర్లు హైడ్రోజన్‌ని కూడా కార్బన్ మోనాక్సైడ్‌గా చదువుతాయి. మా బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ కూడా బాగా తగ్గిపోయింది. పొద్దున్నే నీళ్ళు పోసి, బ్యాటరీని బాల్కనీ తలుపు పక్కకు జరిపాను. అలారాన్ని పడకగది బయట గోడకు మార్చాను. బాత్రూం లోపల మాత్రం పెట్టకూడదు, ఆవిరికి సెన్సర్ పాడవుతుంది.

తప్పుడు మోత అని తేలినా, ముందు అందరం బయటికి వచ్చి తర్వాతే వెతికాం. ఇకముందూ అదే పద్ధతి.

జనవరి 3, శుక్రవారం

గోడకు రంధ్రం కొట్టాలంటే ఓనర్ గారి అనుమతి కావాలి. ఆయనది మదనపల్లె వైపు, కింది పోర్షన్‌లో ఉంటారు. వెళ్ళి విషయం చెప్పాను.

"ఏడేళ్ళుగా ఆడే ఉంది బాబూ. ముందున్నోళ్ళు ఒక్కరూ ఏమీ అనలేదు. ఇప్పుడు గోడ పగలగొడితే చెమ్మ దిగుతుంది."

"గోడ నేనే పూడ్పిస్తాను సార్, ఖర్చు మొత్తం నాదే. ముందు ఇది చూడండి" అని వీడియో పెట్టాను. 2023లో హోలీ రోజుల్లో ముంబై ఘాట్‌కోపర్‌లో ఒక జంట, ఘజియాబాద్ దగ్గర మురాద్‌నగర్‌లో ఇంకో జంట రంగులు కడుక్కోవడానికి వెళ్ళి బాత్రూంలోనే చనిపోయిన సంగతి, రెండు చోట్లా గ్యాస్ గీజర్‌నే అనుమానించిన సంగతి కూడా చెప్పాను. ఆయన దానికి పెద్దగా కదల్లేదు. వీడియోలో 740 వచ్చిన చోట మాత్రం ఆపమన్నారు. మొదటి నుంచి మళ్ళీ చూశారు.

"మా కింద కూడా ఇదే గీజర్ ఉంది. మనవడు దాంట్లోనే పోసుకుంటాడు" అన్నారు. కాసేపు ఆగి, "పొద్దున ప్లంబర్‌ని పిలిపించు. మా ఇంట్లోకి కూడా ఆ మిషన్ తీసుకురా" అన్నారు.

జనవరి 5, ఆదివారం

ప్లంబర్ అన్న తొమ్మిదికి వచ్చాడు. యుటిలిటీకి రెండు వైపులా గ్రిల్ మాత్రమే, గాలి ధారాళంగా ఆడుతుంది. గీజర్ అక్కడ గోడకు బిగించి, వేడినీళ్ళకు అరంగుళం సీపీవీసీ పైపు 14 అడుగులు వేసి, గోడలోంచి బాత్రూం పంపుకి కలపడం ప్లాన్. మిషన్‌తో గోడకు గుండ్రంగా రంధ్రం తీశాడు, కాబట్టి పెచ్చులు ఊడలేదు. పైపు ముక్కలు కోసి, కొసలు ఉప్పుకాగితంతో రుద్ది, సాల్వెంట్ రాసి అతికించాడు. ఒక రోజంతా నీళ్ళు వదలొద్దన్నాడు.

గ్యాస్ వైపు పని ఏజెన్సీ మెకానిక్ చేత చేయించాం. పాత రబ్బరు పైపు మీద పగుళ్ళు కనిపించాయి, కొత్తది ఐఎస్ఐ మార్కు ఉన్నది వేయించాను. సిలిండర్, గీజర్ ఇప్పుడు ఒకే చోట ఉన్నాయి కాబట్టి పైపు గోడలోంచి పోవాల్సిన అవసరమే లేదు. జాయింట్ల దగ్గర సబ్బునురుగు రాసి చూశాం. బుడగలు రాలేదు.

జనవరి 6, సోమవారం

సాయంత్రం నీళ్ళు వదిలాం. పంపు తిప్పితే గీజర్ వెలగలేదు. బ్యాటరీలు మార్చాను. వెలగలేదు. ప్లంబర్ అన్న వచ్చి పంపు కింద చెయ్యి పెట్టి, "ధార సన్నగా ఉంది, అందుకే" అన్నాడు. ఈ గీజర్ లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. నీళ్ళు ఒక మోస్తరు ఒత్తిడితో వస్తేనే ఆ పొర వంగి గ్యాస్ వాల్వ్‌ని తోస్తుంది. మాది పై అంతస్తు, ట్యాంక్ నెత్తి మీదే ఉంది కాబట్టి ఒత్తిడి మొదట్నుంచీ తక్కువే. దానికి తోడు కొత్త పైపులో ఆరు ఎల్బోలు (మలుపు ముక్కలు) పడ్డాయి.

జనవరి 7, మంగళవారం

రెండు ఎల్బోలు తీసేసి పైపుని గోడకు ఏటవాలుగా నడిపించాడు. చూడ్డానికి బాగోలేదు. నేను వద్దనలేదు. గీజర్‌లోకి నీళ్ళు వచ్చే చోట చిన్న జాలీ ఉంటుంది, విప్పి చూస్తే బోరు నీళ్ళ ఉప్పు గడ్డకట్టి ఉంది, తెల్లటి గవ్వలాగా. వెనిగర్‌లో అరగంట నానబెట్టి బ్రష్‌తో కడిగాను. తిరిగి బిగించి పంపు తిప్పగానే టకటక, భుగ్గు. ఏడేళ్ళుగా ఆ చప్పుడు బాత్రూం లోపల వినిపించేది. ఇప్పుడు గోడ అవతల.

కొలిచాను. బాత్రూంలో తలుపు వేసి, వెంటిలేటర్ మూసి, ఇరవై నిమిషాలు: 0. యుటిలిటీలో గీజర్‌కి రెండడుగుల దూరంలో 3. వంటింట్లో మాత్రం 9 వచ్చింది. ఇది నేను అనుకోలేదు. గీజర్‌ని బిగించిన చోటుకి సరిగ్గా పైనే వంటింటి వెంటిలేటర్ ఉంది, పొగ అందులోంచి లోపలికి వస్తోంది. ఎనిమిది గంటలపాటు పీల్చే గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు దాదాపు ఇంతే. స్నానాలకు గంటసేపు వెలిగితే ఫర్వాలేదని సర్దుకోవచ్చు. కానీ ఒకసారి సర్దుకున్నందుకే ఇంత జరిగింది.

జనవరి 8, బుధవారం

గీజర్‌ని నాలుగడుగులు గ్రిల్ వైపు జరిపాం. పైపు కొంచెం పొడుగైంది. వంటింట్లో 1, కొన్నిసార్లు 0. గాలి వీస్తే మంట రెపరెపలాడుతోంది కాబట్టి ఒక పక్కన రేకు అడ్డం పెట్టించాను. పైన, ముందు పూర్తిగా ఖాళీ. చుట్టూ మూసేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

మిగిలిన పనులు: ఆదివారం ఓనర్ గారింట్లో కొలవాలి. బాత్రూం గోడలో పాత గ్యాస్ పైపు రంధ్రం సిమెంటుతో పూడ్చాలి. రబ్బరు పైపు మీద వేసిన తేదీ రాసిపెట్టాలి, అయిదేళ్ళకు మార్చాలి కదా. నెలకోసారి అలారం బటన్ నొక్కి చూడాలి.

జనవరి 10, శుక్రవారం

ముక్కోటి ఏకాదశి. అమ్మ నాలుగున్నరకే లేచింది. ఈరోజు ఆమెకు ఒక్కపొద్దు కూడా కాదు, పూర్తి ఉపవాసం, దాని మీద తలస్నానం. నేను కూడా లేచి బాత్రూం బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చేతిలో మీటర్. గడియ వేసుకోవద్దని అడిగితే ఈ ఒక్కరోజుకి ఒప్పుకుంది.

నలభై నిమిషాలు. మీటర్ 0 దగ్గరే ఉంది. లోపల్నుంచి చెంబు చప్పుడు, గోవిందనామాలు వినిపిస్తూ ఉన్నాయి. మధ్యలో ఒకసారి నామాలు ఆగాయి, నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ మొదలయ్యాయి.

తలకు తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చింది. "తలనొప్పి ఉందా?" అన్నాను. లేదంది. మధ్యాహ్నం అడిగాను, సాయంత్రం గుడి నుంచి వచ్చాక అడిగాను. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు, తలనొప్పి లేదు.

ఆమెకు ఒకటే ఫిర్యాదు. పైపు పొడుగైంది కాబట్టి పంపు తిప్పగానే అర లీటరు చల్లనీళ్ళు వస్తున్నాయి, ఆ తర్వాతే వేడివి. చలిలో ఒళ్ళు జలదరిస్తోందట, నీళ్ళూ వృథా. రేపటి నుంచి ఆ చల్లనీళ్ళు చెంబులో పట్టి తులసికోటకు పోస్తానంది. చెంబు ఇప్పటికే పంపు కింద పెట్టేసింది.